రోహిణి కార్తెలో ఇల్లు చూడాలి: వేసవిని తట్టుకునే ఇళ్లను వెళ్లి పరిశీలించే పద్ధతి

మన దగ్గర ఇల్లు కట్టదలచుకున్నవారు ఎదుటివారి ఇళ్లను ఎక్కువగా గృహప్రవేశాలప్పుడే చూస్తారు. ముహూర్తం మాఘంలోనో ఫాల్గుణంలోనో, అదీ తెల్లవారుజామున ఉంటుంది. గోడల్లో ఇంకా తడి ఆరి ఉండదు, నేల కడిగి ఉంటుంది, కిటికీలన్నీ తెరిచి ఉంటాయి. ఆ వేళకు చల్లగా ఉండని ఇల్లంటూ ఉండదు. అక్కడ చూసిన ఫాల్స్ సీలింగును, నేల మీది పాలరాతిని, వీధివైపు అద్దాల గోడను మనసులో పెట్టుకుని ఇంటికొచ్చి తాపీ మేస్త్రీకి అవే చెప్తారు. రోళ్లు పగులుతాయని పెద్దలు చెప్పే రోహిణి కార్తెలో, సాయంత్రం నాలుగింటికి ఆ ఇంటి పై అంతస్తులో ఎలా ఉంటుందో ఎవరూ చూసి ఉండరు.

ఈ మార్గదర్శి ఆ చూపును సరిచేసుకోవడానికి ఉద్దేశించినది. తక్కువ కరెంటుతో వేసవిని గట్టెక్కే ఇళ్లు తెలుగు నేల మీద పాతవీ కొత్తవీ చాలానే ఉన్నాయి. వాటిని ఏ వేళకు చూడాలి, ఏ వరుసలో చూడాలి, ఇంటివారిని ఏమడగాలి అన్నది తెలిస్తే రెండు మూడు ఇళ్ల పరిశీలన నెలల తరబడి వీడియోలు చూసినదానికంటే ఎక్కువ నేర్పుతుంది. అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసినది ఒకటే: చల్లదనం యంత్రం ఇస్తున్నదా, కట్టడం ఇస్తున్నదా అన్నది విడదీయగలగాలి. కింద చెప్పే ప్రతి పనీ ఆ విడదీత కోసమే.

1. ఏ ఇళ్లను ఎంచుకోవాలి

మొదట మీ ఊరి వేసవి ఎటువంటిదో తేల్చుకోండి. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలు పొడిగా ఉంటాయి, రాత్రి కొంత చల్లబడుతుంది. విజయవాడలో, కాకినాడలో, విశాఖలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి రాత్రి కూడా ఉక్కపోత వదలదు. రాయలసీమలో పగటి వడగాలి ప్రధాన శత్రువు. పొడి వేడిలో మందపాటి గోడ, పగలు మూసి రాత్రి తెరిచే కిటికీ పనిచేస్తాయి. తేమ వేడిలో గాలి ఆడడమే ప్రాణం. తిరువనంతపురం తంపానూరులో ఆర్కిటెక్టు లారీ బేకర్ కట్టిన ఇండియన్ కాఫీ హౌస్ గోడ నిండా చిల్లులే. మెట్లు లేకుండా వాలుగా పైకి తిరుగుతూ పోయే ఆ కట్టడంలో కాఫీ తాగుతూ గాలి ఎలా వస్తుందో చూడడం మంచి పాఠమే. అయితే అదే జాలీ గోడను కర్నూలులో కడితే మే నెల మధ్యాహ్నం వడగాలి నేరుగా మంచం మీదికి వస్తుంది. కనుక మీ ఊరి వంటి వాతావరణంలో ఉన్న ఇళ్లకు మొదటి స్థానం ఇవ్వండి.

తరువాత నాలుగు రకాల నుంచి కనీసం ఒక్కొక్కటి చూసేలా జాబితా వేసుకోండి. మొదటిది పాత ఇల్లు: కోనసీమలోనో పశ్చిమ గోదావరిలోనో మండువా లోగిలి, తెలంగాణలో గూన పెంకుల భవంతి, సీమలో చౌడు మట్టి పరిచిన మిద్దె. రెండవది ఎండను దృష్టిలో పెట్టుకుని కొత్తగా కట్టిన ఇల్లు: లోపల బోలు వదిలి ఇటుకలను నిలువుగా పేర్చే ర్యాట్ ట్రాప్ గోడ, పెంకులు పొదిగిన ఫిల్లర్ శ్లాబు, ఒత్తిడితో చేసిన మట్టి ఇటుకలు, లేదా లోపల గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు దిమ్మలు (ఏఏసీ బ్లాకులు) వాడినది. మూడవది మామూలు డాబా ఇల్లే కాని తరువాత కప్పు మీద తెల్లపూత, పందిరి వంటి మార్పులు చేసుకున్నది. చాలామందికి అత్యంత ఉపయోగపడేది ఈ మూడవదే, ఎందుకంటే మనలో ఎక్కువమంది ఇప్పటికే కట్టిన ఇంట్లో ఉంటున్నాం.

నాలుగవ రకం, ఎవరి మొహమాటమూ లేకుండా వెళ్లగలిగిన చోట్లు. హైదరాబాదు శిల్పారామంలోని గ్రామీణ మ్యూజియంలో పల్లె ఇళ్ల నమూనాలు ఉన్నాయి. చెన్నై దాటి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ముట్టుకాడు దగ్గర ఉన్న దక్షిణచిత్ర మ్యూజియంలో కొయ్యలగూడెం నేతవారి ఇంటిని, ఉత్తరాంధ్ర తీరపు చుట్టింటిని నిలబెట్టారు. చుట్టింటి చూరు ఎంత కిందికి దిగుతుందో, మట్టి గోడ మీద ఎండ ఎందుకు పడదో అక్కడ వంగి లోపలికి వెళ్తే అర్థమవుతుంది. హైదరాబాదు హైటెక్ సిటీ ప్రాంతంలో పరిశ్రమల సమాఖ్య సీఐఐకి చెందిన సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఇల్లు కాదు, కార్యాలయం. 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన ఆ కట్టడంలో గుండ్రని నడిమి ముంగిలి, జాలీలు, గాలిని చల్లబరచి లోపలికి పంపే బురుజులు, కప్పు మీద పెంచిన పచ్చిక ఒకే చోట చూడవచ్చు. ముందుగా అనుమతి అడిగి వెళ్లడం మంచిది.

2. ఏ వేళకు వెళ్లాలి

ఒకే ఇంటికి ఒకే రోజున రెండుసార్లు వెళ్లాలి: సాయంత్రం నాలుగు గంటలకు ఒకసారి, రాత్రి తొమ్మిది దాటాక మరొకసారి. శ్లాబు, ఇటుక గోడ ఎండను వెంటనే లోపలికి పంపవు. ఐదంగుళాల శ్లాబు మధ్యాహ్నం తాగిన వేడి కొన్ని గంటల తరువాత గదిలోకి దిగుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు ఇంకా ఎక్కువసేపు, సుమారు ఆరేడు గంటలు పడుతుంది. మధ్యాహ్నం రెండింటికి ఎంతో బాగున్న పడకగది రాత్రి పదింటికి కొలిమి కావడానికి కారణం ఇదే. పడమటి గోడ సాయంత్రం ఐదు వరకూ ఎండ తాగుతూనే ఉంటుంది కాబట్టి దాని దెబ్బ అర్ధరాత్రి దాకా తెలుస్తుంది. పగటి పరిశీలనతో ఆగిపోయినవారు ఇంటిని సగమే చూసినట్టు.

నెల విషయానికొస్తే, మే నెల రెండో సగం అన్నిటికంటే ఉత్తమం. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మొదటి వారం వరకూ పర్వాలేదు. అకాల వర్షం పడిన మర్నాడు మాత్రం వెళ్లకండి. ఆ రోజు పాత ఇల్లూ కొత్త ఇల్లూ ఒకేలా కనిపిస్తాయి.

3. అనుమతి, మర్యాద

చూడబోయేది నలుగురు నివసించే ఇల్లన్న సంగతి మరవకూడదు. సాయంత్రం నాలుగంటే చాలా ఇళ్లలో పెద్దవాళ్లు కునుకు తీసి లేచే సమయం. కాబట్టి వారం ముందే ఫోను చేసి, ఎందుకు వస్తున్నారో, డాబా ఎక్కవలసి ఉంటుందనీ, పడకగదిలోకి తొంగి చూడవలసి ఉంటుందనీ స్పష్టంగా చెప్పండి. ఇద్దరికి మించి వెళ్లవద్దు. ఫొటోలు తీసేముందు ప్రతిసారీ అడగండి, బీరువాలూ దేవుడి గదీ చిత్రంలో పడకుండా చూసుకోండి.

ఒక కోరిక మాత్రం మొహమాటపడకుండా కోరాలి: ఒక్క గదిలోనైనా ఆ మధ్యాహ్నం ఏసీ వేయకుండా ఉంచమనండి. అతిథులు వస్తున్నారని మూడింటికే ఏసీ వేసి గదిని చల్లబరచడం మనవారి మర్యాద. ఆ మర్యాద జరిగిన గదిలో మీరు తెలుసుకోగలిగేది ఏమీ ఉండదు, ఎందుకంటే ఏసీ ఆపిన తరువాత కూడా గోడలూ సామానూ చాలాసేపు చల్లదనాన్ని పట్టి ఉంచుతాయి.

ఇంటి యజమానితోనే కాక, పగలంతా ఆ ఇంట్లో ఉండే వారితో మాట్లాడండి. ఆఫీసు నుంచి ఏడింటికి వచ్చే ఆయన చెప్పే ఇల్లు వేరు, మధ్యాహ్నం పన్నెండింటికి వంటగదిలో నిలబడే ఆవిడ చెప్పే ఇల్లు వేరు.

4. వెంట తీసుకెళ్లవలసినవి

దూరం నుంచి ఉపరితలపు వేడిని చెప్పే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు, గాలి ఉష్ణోగ్రతతో పాటు తేమ శాతాన్ని చూపే చిన్న డిజిటల్ మీటరు, టేపు, నోటు పుస్తకం, ఫోనులో దిక్సూచి, ఒక అగరువత్తుల కట్ట ఉంటే చాలు. ఈ రెండు మీటర్లూ ఆన్‌లైన్‌లో అందుబాటు ధరకే దొరుకుతాయి.

ఇన్‌ఫ్రారెడ్ మీటరును గోడ, శ్లాబు, పెంకు, రంగు వేసిన తలుపు మీద నమ్మవచ్చు. తళతళలాడే స్టీలు, అల్యూమినియం, మెరిసే రేకు మీద అది తప్పు చెప్తుంది, వాటి అసలు వేడికంటే తక్కువ చూపుతుంది. రేకును కొలవవలసి వస్తే దాని మీద ఒక కాగితం టేపు ముక్క అంటించి, కాసేపాగి టేపును కొలవండి. గాలి మీటరును చేతిలో పట్టుకుని ఊపకుండా, గది మధ్యలో కుర్చీ ఎత్తున పది నిమిషాలు ఉంచిన తరువాతే అంకె రాసుకోవాలి. బయటి ఉష్ణోగ్రతను కూడా ఆ ఇంటి నీడలోనే కొలవండి. వాతావరణ శాఖ చెప్పే ఊరి ఉష్ణోగ్రతకూ, తారు రోడ్డు పక్కనున్న ఆ వీధి ఉష్ణోగ్రతకూ తేడా ఉంటుంది.

5. లోపలికి వెళ్లకముందు ఇంటి చుట్టూ తిరగాలి

గుమ్మంలో చెప్పులు విడవకముందే ప్రదక్షిణం చేయండి. దిక్సూచితో ఏ గోడ ఎటువైపు ఉందో రాసుకోండి. ఎండ గురించి మనలో ఒక అపోహ బలంగా ఉంది, దక్షిణపు గోడే ఎక్కువ కాలుతుందని. మన అక్షాంశాల్లో వేసవి లెక్క వేరు. హైదరాబాదులో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు వస్తువుకు నీడ పడదు. తిరుపతిలో ఇది ఇంకా ముందే జరుగుతుంది, శ్రీకాకుళంలో కొద్ది రోజులు ఆలస్యంగా జరుగుతుంది. ఆ తరువాత ఆగస్టు మొదటి వారం దాకా హైదరాబాదు మధ్యాహ్నపు సూర్యుడు నెత్తికి కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. అంటే మండే మే నెల చివర్లో దక్షిణపు గోడ మీద నేరుటెండ దాదాపు పడదు. కాలేవి కప్పు, తూర్పు గోడ, పడమటి గోడ. వీటిలో పడమటిది ఎక్కువ బాధిస్తుంది, ఎందుకంటే గాలి అప్పటికే బాగా వేడెక్కి ఉన్న వేళకు ఎండ దాని మీదికి వస్తుంది.

అందువల్ల కిటికీ మీది సన్‌షేడును చూసి మురిసిపోయేముందు అది ఏ దిక్కున ఉందో చూడాలి. దక్షిణం కిటికీ మీద రెండడుగుల సన్‌షేడు చక్కగా పనిచేస్తుంది. డిసెంబరులో హైదరాబాదు మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తునే ఉంటాడు కాబట్టి శీతకాలపు ఎండ కొంత లోపలికి కూడా వస్తుంది. పడమటి కిటికీ మీద అదే సన్‌షేడు సాయంత్రం నాలుగింటికి ఎందుకూ కొరగాదు. సూర్యుడు దాని కిందనుంచే లోపలికి చూస్తాడు. పడమటికి కావలసినది నిలువు అడ్డం: వేప చెట్టో కానుగ చెట్టో, వెడల్పాటి వసారా, బయట వేలాడే వెదురు తెర, నిలువు పలకలు, లేదంటే అటువైపు కిటికీయే లేకపోవడం. లోపల కట్టిన పరదా ఎండను గదిలోకి వచ్చాక ఆపుతుంది. అప్పటికి వేడి అద్దం దాటి వచ్చేసి ఉంటుంది.

ఇక్కడ వాస్తు ప్రస్తావన తప్పదు. యజమాని పడకగది నైరుతిలో ఉండాలనే నియమాన్ని మన ఇళ్లలో దాదాపు అందరూ పాటిస్తారు. ఎండ లెక్కలో చూస్తే పడమటి గోడ ఉన్న ఈ మూల రాత్రి పడుకునే గదికి వేడి మూలల్లో ఒకటి. నియమాన్ని వదులుకోమని ఇంటివారితో వాదించడం మీ పని కాదు, దానితో వారు ఎలా సర్దుకున్నారన్నదే మీరు చూడవలసినది. తెలివైన ఇళ్లలో నైరుతి గదికి పడమటి పక్కన స్నానాల గది, బట్టల అలమరలు, మెట్లు వంటివి పెట్టి పడకకూ ఎండగోడకూ మధ్య ఒక పొర కల్పిస్తారు. కొందరు ఆ ఒక్క గోడను మాత్రం నడుమ ఖాళీ వదిలి రెండు వరసలుగా కడతారు. మీరు చూసే ఇంట్లో ఆ మూలన ఏం చేశారో గీసుకోండి.

పక్కింటి గోడ ఎంత దగ్గరగా ఉంది, వాకిట్లో నేల మట్టా సిమెంటా, ఏసీ బయటి పెట్టె ఎవరి కిటికీ కింద వేడి ఊదుతోంది అన్నవి కూడా ఈ తిరుగుడులోనే చూసేయవచ్చు.

6. డాబా మీద

మీ దగ్గర అరగంటే సమయం ఉంటే, అందులో ఇరవై నిమిషాలు డాబా మీదే గడపండి. ఒకటి రెండు అంతస్తుల ఇంటికి వేసవి ప్రధానంగా కప్పు నుంచే వస్తుంది. చెప్పులు వేసుకుని ఎక్కండి. మే నెల మధ్యాహ్నం ఏ పూతా లేని శ్లాబు పైభాగం 60 డిగ్రీలు దాటడం సాధారణం, ఉత్తకాళ్లతో నిలబడలేరు.

మొదట ఉపరితలం వేడిని నాలుగైదు చోట్ల కొలవండి. తరువాత కిందికి దిగి, సరిగ్గా ఆ చోటు కింద ఉన్న లోకప్పును కొలవండి. ఈ రెండు అంకెలూ, గదిలోని గాలి అంకె, బయటి నీడలోని అంకె, మొత్తం నాలుగూ కలిస్తే ఆ కప్పు కథంతా చెప్పేస్తాయి. గదిలో గాలి 34 డిగ్రీలు, లోకప్పు 41 అనుకుందాం. థర్మామీటరు 34 అంటున్నా కింద పడుకున్న మనిషికి అంతకంటే ఎక్కువ వేడిగా అనిపిస్తుంది, ఎందుకంటే నెత్తి మీది శ్లాబు పొయ్యి మీది పెనంలా సెగ చిమ్ముతుంటుంది. మంచి కప్పున్న ఇంట్లో లోకప్పుకూ గాలికీ తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించదు. ఏ బ్రోచరులోనూ రాయని ఈ తేడాను మీ పుస్తకంలో మొదటి వరుసలో రాయండి.

కప్పు మీద చేసే పనులు పలు రకాలు. అన్నిటికంటే చవక తెల్లపూత: సున్నంతో వేసినా, ఎండను తిప్పికొట్టే ప్రత్యేక రంగుతో వేసినా సూత్రం ఒకటే. కొత్తగా వేసిన తెల్లపూతకూ పక్కనున్న ఉత్త శ్లాబుకూ ఉపరితలంలో పదిహేను ఇరవై డిగ్రీల తేడా కనిపించవచ్చు. దీని లోపం దుమ్ము. వేసి ఎన్నాళ్లయింది, ఏడాదికి ఎన్నిసార్లు కడుగుతారు, మళ్లీ ఎప్పుడు వేశారు అని తప్పక అడగండి. నల్లబారిన తెల్లపూతకు లెక్క మారిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు చల్లని కప్పును తప్పనిసరి చేసింది. హైదరాబాదులో ఇటీవల కట్టిన పెద్ద ఇళ్లను చూసేటప్పుడు ఆ నియమం కింద ఏమి వేశారో అడిగితే తాజా సరుకుల గురించి తెలుస్తుంది.

పగిలిన తెల్ల పింగాణీ టైల్సు ముక్కలను పరిచిన కప్పు పూతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది, కడగడం తేలిక. కూలింగ్ టైల్సు పేరుతో అమ్మేవాటిలో తెల్లదనమే ఎక్కువ పని చేస్తుంది, మందం కాదు. శ్లాబు మీద ఇన్సులేషన్ పలకలు పరిచి వాటిపై సిమెంటు పొర వేసిన ఇల్లు దొరికితే దాన్ని వదలకండి. ఖర్చు ఎక్కువే కాని రాత్రి తొమ్మిదింటి కొలతలో దాని విలువ కనిపిస్తుంది. డాబా మీద షెడ్డు వేసిన ఇళ్లు ఊరూరా ఉన్నాయి. షెడ్డు నీడనిస్తుంది కాబట్టి శ్లాబు కాలదు. అయితే నాలుగు పక్కలా తెరిచి, గాలి ఆడేలా ఉందా, లేక పిట్టగోడ దాకా మూసి సామాను గదిగా మార్చారా అన్నది చూడాలి. సోలార్ పలకలు కూడా వాటి కింద ఉన్నంత మేర నీడనిస్తాయి. మిద్దెతోట అందంగానే ఉంటుంది, కాని అంతస్తంతా చల్లబడాలంటే కుండీల నీడ కప్పంతా పరుచుకోవాలి. నాలుగు బకెట్ల తోటకూర కప్పును చల్లబరచదు. తేమ దిగి శ్లాబు ఉబ్బిన ఆనవాళ్లు ఉన్నాయేమో కింద లోకప్పులో వెతకండి.

ఫిల్లర్ శ్లాబు గురించి ఒక మాట. కాంక్రీటుకు పెద్దగా పని లేని కింది భాగంలో పెంకులు పొదగడం వల్ల సిమెంటు ఆదా అవుతుంది, లోకప్పు చూడముచ్చటగా ఉంటుంది. అంతమాత్రాన పై ఎండను అది ఆపేస్తుందనుకోకూడదు, పెంకుల మధ్యనున్న కాంక్రీటు పట్టీల గుండా వేడి దిగుతూనే ఉంటుంది. పైన తెల్లపూత కూడా ఉన్న ఫిల్లర్ శ్లాబునూ, లేనిదాన్నీ చూడగలిగితే నా మాట మీరే కొలిచి తేల్చుకోవచ్చు.

7. ఇంటి లోపల

గదిలోకి వెళ్లి ఫ్యాను ఆపించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. తరువాత అగరువత్తి వెలిగించి కిటికీ దగ్గర, తలుపు దగ్గర, గది మధ్యలో పట్టుకుని పొగ ఎటు పోతోందో చూడండి. నిలువుగా లేచి అక్కడే తిరుగాడితే ఆ గదికి గాలి వచ్చే దారి ఉంది కాని పోయే దారి లేదు. ఎదురెదురు గోడల్లో, కనీసం పక్క పక్క గోడల్లో రెండు తెరుపులు ఉన్న గదిలో పొగ పరుగెత్తుతుంది. పైన వెంటిలేటరు ఉన్న పాత గదుల్లో పొగ దానివైపు ఎగబాకడం స్పష్టంగా కనబడుతుంది. కొత్త ఇళ్లలో ఏసీ చల్లదనం పోతుందని వెంటిలేటర్లనే ఎత్తేశారు. కరెంటు పోయిన రాత్రి ఆ లోటు తెలిసివస్తుంది.

కిటికీల విషయంలో కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018లో విడుదల చేసిన ఎకో నివాస్ సంహిత (ఇళ్లలో కరెంటు ఆదా కోసం రాసిన నియమావళి) ఒక ఉపయోగకరమైన కొలబద్దనిస్తుంది. ఇంటి నేల వైశాల్యంలో తెరుచుకునే భాగం ఉక్కపోత ప్రాంతాల్లో కనీసం 16.66 శాతం, హైదరాబాదు వంటి మిశ్రమ వాతావరణంలో 12.5 శాతం, వేడి పొడి ప్రాంతాల్లో 10 శాతం ఉండాలంటుంది. విజయవాడలో 120 చదరపు అడుగుల గదికి ఈ లెక్కన 20 చదరపు అడుగులు తెరుచుకోవాలి. ఐదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న రెక్కల కిటికీ పూర్తిగా తెరిస్తే ఆ లెక్క సరిపోతుంది. అదే కొలతలో పక్కకు జరిపే కిటికీ అయితే సగమే, అంటే పది చదరపు అడుగులే తెరుచుకుంటుంది. ఇప్పుడు అపార్టుమెంట్లలో దాదాపు అన్నీ జరిపే కిటికీలే. టేపు తీసి కొలవండి. దోమతెర ఉంటే గాలి ఇంకా తగ్గుతుంది, కాని దోమతెర లేని కిటికీని రాత్రి ఎవరూ తెరవరు కాబట్టి అది ఉండడమే మేలు.

పాత ఇళ్లలో గోడ మందాన్ని కిటికీ గూటిలో కొలవవచ్చు. సీమ మట్టి మిద్దెల్లో అడుగున్నర, రెండడుగుల గోడలు కనిపిస్తాయి. అవి పగటి వేడిని రాత్రి దాకా లోపలికి రానివ్వవు. రాత్రికి ఇంటివారు వాకిట్లోనో మిద్దె మీదనో పడుకునేవారు కాబట్టి ఆలస్యంగా దిగే ఆ వేడితో వారికి పని లేకపోయింది. మనం రాత్రి కూడా లోపలే తలుపులు బిడాయించుకుని పడుకుంటున్నాం కనుక ఆ గోడ మనకు అంత మేలు చేయాలంటే రాత్రంతా కిటికీలు తెరిచి ఉంచగలగాలి. పాత ఇంటిని చూసేటప్పుడు గోడతో పాటు ఆ ఇంటివారి దినచర్యను కూడా అడగాలని చెప్పడం ఇందుకే.

మండువాలో నిలబడినప్పుడు తలెత్తి చూడండి. నాలుగు వైపుల పెంకుల చూర్లు లోపలికి వాలి ఆకాశానికి ఒక చదరం వదులుతాయి. ఆ చదరం చిన్నదిగా, చూరు కిందికి ఉన్న లోగిలిలో నేల మీద ఎండ కొద్దిసేపే పడుతుంది. వేడెక్కిన గాలి అటునుంచి లేచిపోతే వీధి అరుగువైపు నుంచి, పెరటివైపు నుంచి గాలి వస్తుంది. మండువా పైన గాజుతోనో ప్లాస్టిక్ రేకుతోనో మూసేసిన ఇళ్లు ఇప్పుడు ఎక్కువ. వాన రాదు, కోతి రాదు. గాలి కూడా పోదు. తెరిచి ఉన్నది, మూసినది రెండూ ఒకే ఊళ్లో దొరికితే నడి మండువాలో ఒకే వేళకు కొలిచి పోల్చండి.

పొడి ఊళ్లలో కూలరు, వట్టివేళ్ల తడిక ఎంత బాగా పనిచేస్తున్నాయో చూడదగినదే. మీ మీటరులో తేమ 30 శాతానికి లోపుంటే అవి గాలిని బాగా చల్లబరుస్తాయి, 60 దాటితే చెమటనే పెంచుతాయి. తీరప్రాంతపు చుట్టం హైదరాబాదులో కూలరును మెచ్చుకుని కాకినాడకు కొనుక్కెళ్లడం అందుకే వృథా ఖర్చు.

8. కరెంటు బిల్లు

బిల్లు చూపమని అడగడం మన వద్ద కొంత ఇబ్బందికరమే, కాని ఇది లేకపోతే మిగతా పరిశీలన గాలిమాటగా మిగులుతుంది. రూపాయలు కాదు, యూనిట్లు అడగండి. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు బిల్లు సున్నా వస్తుంది. డాబా మీద సోలార్ ఉంటే, గ్రిడ్డుకు పంపిన కరెంటును వాడకంలోంచి తీసివేసే నెట్ మీటరు లెక్కలో బిల్లు నామమాత్రం అవుతుంది. రెండూ ఇంటి చల్లదనానికి రుజువులు కావు. సోలార్ ఉన్న ఇంట్లో గ్రిడ్డు నుంచి తీసుకున్నదీ, పలకలు ఉత్పత్తి చేసి ఇల్లే వాడుకున్నదీ కలిపి మొత్తం వాడకం ఎంతో అడగాలి. ఆ అంకె ఇన్వర్టరు యాప్‌లో దొరుకుతుంది.

తరువాత జనవరి వాడకాన్ని మే వాడకం నుంచి తీసివేయండి. మే వాడకం తరచు జూన్‌లో వచ్చే బిల్లులో ఉంటుంది, మీటరు రీడింగు తేదీ చూసుకోండి. ఉదాహరణకు ఒక ఇల్లు జనవరిలో 150, మేలో 420 యూనిట్లు వాడితే ఆ ఇంటికి వేసవి మూల్యం 270 యూనిట్లు. పక్కనే అంతే వైశాల్యమున్న మరో ఇంటికి ఈ తేడా 90 మాత్రమే అయితే ఆ రెండో ఇంటి కప్పును, పడమటి గోడను మళ్లీ ఒకసారి చూసి రావాలి. ఎందరు మనుషులు, పగలు ఎందరు ఇంట్లో ఉంటారు, ఏసీ ఎన్ని డిగ్రీల మీద నడుస్తుంది అన్నవి పక్కన రాసుకోకపోతే మాత్రం ఈ పోలిక తప్పుదారి పట్టిస్తుంది. ఫ్యాన్ల రకం కూడా చూడండి. పాత ఫ్యాను 75 వాట్ల దాకా తీసుకునే చోట బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ మోటారు) ఫ్యాను 30 వాట్ల ప్రాంతంలో సరిపెడుతుంది.

9. ఇంటివారిని అడగవలసినవి

అన్ని ప్రశ్నల్లోకీ పదునైనది ఇది: మే నెలలో మధ్యాహ్నం ఏ గదిలో పడుకుంటారు, రాత్రి ఏ గదిలో పడుకుంటారు? జవాబు రెండు వేర్వేరు గదులైతే ఎందుకో అడగండి. ఆర్కిటెక్టు గర్వంగా చూపిన గది ఆ జవాబులో లేకపోతే అదొక సమాచారం. అమ్మమ్మలు, పిల్లలు తమంతట తాము చేరే చోటే ఇంట్లో చల్లని చోటు.

ఆ తరువాత ఇబ్బందుల గురించి అడగండి, ఎందుకంటే మెచ్చుకోలు అడగకుండానే వస్తుంది. గూన పెంకులను కోతులు కదిలిస్తే సర్దడానికి మనిషి దొరుకుతున్నాడా? మట్టి గోడకు చెద పట్టిందా? ర్యాట్ ట్రాప్ గోడలో కరెంటు పైపులు ఎలా వేశారు, తరువాత కొత్త ప్లగ్గు కావలసి వస్తే గోడ చెక్కగలిగారా? ఆ పని తెలిసిన మేస్త్రీ ఎక్కడివాడు, ఇప్పుడూ పనిచేస్తున్నాడా? మళ్లీ కడితే ఏది మారుస్తారు? చివరి ప్రశ్నకు చాలామంది కొంచెం ఆలోచించి చెప్తారు, తొందరపెట్టకండి.

10. రాత్రి తొమ్మిదింటికి, ఆ తరువాత

రాత్రి వెళ్లినప్పుడు పని తక్కువ. సాయంత్రం కొలిచిన చోట్లనే, అదే వరుసలో మళ్లీ కొలవండి: లోకప్పు, పడమటి గోడ లోపలి ముఖం, గది గాలి, బయటి గాలి. బయటకంటే గదిలో నాలుగైదు డిగ్రీలు ఎక్కువ ఉంటే ఆ ఇల్లు పగటి వేడిని దాచుకుని రాత్రి పంచుతున్నదని అర్థం. అప్పుడు కిటికీలన్నీ తెరిపించి అరగంట తరువాత గాలి మళ్లీ కొలిస్తే, దోషం తెరుపులదా, కప్పుదా అన్నది తేలుతుంది. గాలి చల్లబడినా లోకప్పు ఇంకా సెగ చిమ్ముతుంటే కప్పుదే.

మూడు నాలుగు ఇళ్ల లెక్కలు చేతికొచ్చాక మీ ఇంటికి వాటిని అన్వయించేటప్పుడు ఈ వరుసను పాటించమని నా సలహా: పై అంతస్తులో ఉంటే ముందు కప్పు, తరువాత పడమటి గోడా కిటికీలూ, ఆ తరువాత గాలి వచ్చిపోయే దారులు, అటుపైన ఫ్యాన్లు, చివరగా ఏసీ. కింది అంతస్తు ఫ్లాటులో ఉన్నవారికి కప్పుతో పని లేదు. వారు పడమటి కిటికీకి బయటివైపు తెర వేయడంతో మొదలుపెట్టవచ్చు, దానికి అసోసియేషను అనుమతి ముందుగా తీసుకోవాలి. అద్దె ఇంట్లో ఉన్నవారు యజమానిని ఒప్పించి డాబాకు సున్నం వేయించుకోవడం ఒక్క రోజు పని.

నచ్చిన ఇంటి పద్ధతిని మీ కొత్త ఇంట్లో వాడాలని నిశ్చయించుకుంటే, మేస్త్రీకి బయానా ఇచ్చేముందు ఆగస్టులోనో సెప్టెంబరులోనో ముసురు పట్టిన రోజు చూసుకుని ఆ ఇంటికి మరొకసారి వెళ్లండి. జాలీ గుండా జల్లు ఎంత దూరం కొడుతోంది, మండువా తూములో నీరు సాఫీగా పోతోందా, ఇన్సులేషన్ పొర కింద చెమ్మ చేరిందా, పెంకుల సందుల్లోంచి కారే నీటికి ఎన్ని గిన్నెలు పెట్టవలసి వస్తోంది అన్నవి ఆ రోజే కనిపిస్తాయి.